అడవికి పొయ్యేముందు
(సికింద్రాబాదు మోండా మార్కెట్‌లో జరిగిన సభలో మాట్లాడిన మాటల పాఠం)



మేము మాట్లాడబోయే విషయం విని కొందరు నవ్వినరు. "కూలిరేట్లున్నయి, భూములున్నయి, పిల్లల హాస్టళ్లున్నయి, ఇవన్నీ ఇడిసిపెట్టి అడవి టూర్ల మీద ఉపన్యాసమేంది సారూ" అన్నరు. సంగతి ఏందంటే, ఇక్కడి మన యువకులు నలభై మంది కలిసి, నెలనెలా కొంత జమ చేసుకొని, ఒక బస్సు మాట్లాడుకొని నల్లమల పోదామనుకుంటున్నరు. రెండు రాత్రులు అడవిలో పండుకోవాలె, జీపెక్కి జంతువులను చూడాలె, వాగులో స్నానం చెయ్యాలె. పెద్దమనుషులేమో ఇది ఉన్నోళ్ల సోకు, మనకెందుకన్నరు. పిల్లలేమో మేం మనుషులం కామా అన్నరు. ఆ పంచాయితీ మా దగ్గరికొచ్చింది. రెండు పక్కల మాటలూ మాకు సగం సగమే నచ్చినయి. అందుకే నలుగురిలో మాట్లాడుదామన్నం.

ముందుగాల పెద్దలకు చెప్తం. టూరు అనేది మన తాతలకు తెలవంది కాదు. నిజాం కాలంలో దాన్ని దౌరా అనేవాళ్లు. తాసిల్దారు దౌరా, గిర్దావరు దౌరా, అమీను దౌరా, జంగ్లాత్ అధికారి దౌరా. దొర బండి ముందర ఉరికింది ఎవరు? సామాను నెత్తిన పెట్టుకొని పక్క ఊరి పొలిమేర దాకా మోసింది ఎవరు? గుడారం ఏసింది, కట్టెలు కొట్టుకొచ్చింది, గుర్రానికి గడ్డి కోసుకొచ్చింది ఎవరు? వెట్టి మాదిగ, వెట్టి మాల, బేగరోడు. వేటకు పోతే డప్పులు, డబ్బాలు కొట్టుకుంట జంతువును తుపాకి ముందరికి తోలింది మన మనుషులే. పులి మర్లబడితే ముందుగాల దొరికేది తోలెటోడే. పటంలో మాత్రం పులి మీద కాలు పెట్టి నిలబడ్డది దొర. అంటే ఈ దేశంలో అడవి చూసొచ్చినోళ్లలో మనమూ ఉన్నం. నెత్తిమీద మూటతోని చూసినం.

1806లో సికింద్రాబాదు కంటోన్మెంటు పుట్టింది. ఆ తెల్లదొరల బంగళాలకు కూరగాయలు, మాంసం, గుడ్లు అందించుకుంట పెరిగిన బజారు ఈ మోండా. ఇవ్వాళ టోకు కూరగాయల యార్డు బోయినపల్లికి పోయింది, దానికి బాబాసాహెబ్ పేరే పెట్టినరు. అయినా ఈ గల్లీలల్ల బరువు మోసేటోళ్ల కులం ఏమైనా మారిందా? పొద్దున నాలుగింటికి వచ్చి ఎవరినైనా అడగండి.

ఇగ ఈ బజారుకు అడవితోని సంబంధం లేదనుకునేటోళ్లు కిరాణా దుకాణం ముందర ఒక ఘడియ నిలబడి చూడాలె. చింతపండు, కుంకుడుకాయ, శీకాయ, తేనె, విస్తరాకులు, చీపురుకట్టలు, నన్నారి వేర్లు. ఇండ్ల శానా మటుకు అడవిల నుంచో, అడవి అంచు ఊర్ల నుంచో వచ్చినయే. చెట్టెక్కి తాడు మీద ఏలాడుకుంట తేనెపట్టు కోసిన చెంచు అన్నకు ఎంత ముట్టింది, ఇక్కడ సీసా ఎంతకు అమ్ముడుపోతున్నది, లెక్క చూస్తే మధ్యల ఎవరు బతుకుతున్నరో తెలుస్తది. గిరిజన సహకార సంస్థను 1956లో పెట్టింది ఈ మధ్యదళారీని తీసెయ్యాలనే. తీసేసిందా లేదా అన్నది వేరే సభలో మాట్లాడుకుందాం. అడవి సరుకు మన గంపలకు ఎప్పుడో వచ్చింది. దాన్ని ఏరినోళ్ల మొఖం మాత్రం మనం చూడలే.

ఇప్పుడు పిల్లలు అడిగిన మాటకొస్తం. మనం మనుషులం కామా, మనకు చూసే హక్కు లేదా? ఉన్నది. దానికోసం మనవాళ్లు పడ్డ కష్టం ఒకటి చెప్తం, మనసుపెట్టి వినండి.

1934లో బాబాసాహెబ్ అంబేద్కర్‌తోని ఉద్యమంలో పనిచేసే మనుషులు, అయ్యా అందరం కలిసి ఒకసారి ఊర్లు చూడబోదాం అని అడిగినరు. సుమారు ముప్పై మంది జమ అయినరు. చూడండి, ఇది కూడా మన పిల్లల బస్సు లాంటి బస్సే. వేరూళ్ దగ్గరి బౌద్ధ గుహలు చూడాలని వాళ్ల కోరిక. ఔరంగాబాదు మీదుగా పోవాలె. అదంతా అప్పుడు మన హైదరాబాదు రాజ్యమే. బాబాసాహెబ్ అప్పటికి రౌండ్ టేబుల్ సమావేశాలకు లండను పోయొచ్చిన మనిషి. పూనా ఒడంబడిక మీద సంతకం చేసిన మనిషి. అయినా వాళ్లు దారిపొడుగునా మేము ఫలానా అని చెప్పకుండ, గుట్టుగా పోదామనుకున్నరు. ఎందుకు? తెలిస్తే ఎక్కడ నీళ్లు దొరకవో, ఎక్కడ పండుకోనియ్యరో అని. ముందే కబురు పోయింది మన వాడలకే.

దౌలతాబాదు కోట కాడ దిగినరు. దుమ్ము కొట్టుకపోయి ఉన్నరు. కోట దర్వాజా కాడ నిండుగ నీళ్లున్న చిన్న హౌజు, చుట్టూ రాతి పరుపు. కొందరు మొఖాలు, కాళ్లు కడుక్కున్నరు. లోపలికి పోబోతుంటే వెనక నుంచి ఒక ముసలాయన కేకలు, నీళ్లు మైల చేసినరని. గుంపు జమ అయింది. బూతులు. అక్కడి మన వాడ మనుషులను, మీరే వీళ్లను తెచ్చినరని తిట్టుడు. బాబాసాహెబ్‌కు కోపం వచ్చి, మీ మతం చెప్పేది ఇదేనా అని మొఖం మీదనే అడిగినరు. అఖరికి కోట చూడనిచ్చినరు గని ఏ షరతు మీద? లోపల ఎక్కడా నీళ్లు ముట్టుకోవద్దు. ముట్టుకోకుండ చూడనీకి తుపాకి పట్టుకున్న సిపాయి ఒకడు వెంట. అంత పెద్ద కోట, అంత పెద్ద ఎక్కుడు, నీళ్ల చుక్క ముట్టకుండ చూసొచ్చినరు ఆ ముప్పై మంది.

ఇది ఒక్క మతం సంగతి అని ఎవరన్నా ఇక్కడినుంచి మోసుకపోతే మేము ఒప్పుకోం. బరోడాలో కొలువుకు పోయినప్పుడు హిందువుల హోటలు చోటియ్యదని ఆయనకు తెలుసు. పార్సీ సత్రంలో పార్సీ పేరు రాసుకొని దిగిండు. కొద్దిరోజులకే పార్సీలు కట్టెలు పట్టుకొని మెట్లెక్కి వచ్చి వెళ్లగొట్టినరు. ఈ దేశంలో అంటరానితనం అన్ని మతాల ఇండ్లల్లకు పాకింది. ఇవన్నీ ఆయన స్వయంగా రాసి పెట్టినరు, 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే చిన్న పుస్తకంలో. చదువొచ్చిన పిల్లలు చదివి రానోళ్లకు వినిపియ్యండి.

అందుకే చెప్తున్నం, ఒక రాత్రి పండుకోవడానికి మంచం దొరకడం, ఒక హౌజులో మొఖం కడుక్కోవడం మనకు సోకు ముచ్చట కాదు. మన పిల్లలు తమ పేరు తాము రాసుకొని, తలెత్తుకొని, పైసలు కట్టి, ఒక గదిలో దిగుతామంటే దానికి అడ్డం చెప్పకండి పెద్దలారా. ఇప్పటికీ కొన్ని లాడ్జిలల్ల గుర్తింపు కార్డు చూసినంక, ఇంటిపేరు చదివినంక, ఊర్లో ఏ వాడ అని అడిగినంక గదులు నిండినయంటరు. ఒక జాతర దగ్గర మాకూ అట్ల అయింది. రాత్రంతా బస్టాండు అరుగు మీద కూసున్నం. అట్లాంటిచోట కొట్లాడాలె, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 నుంచి ఉన్నది, ఫిర్యాదు రాయాలె.

ఇది పెద్దలకు. ఇగ పిల్లలకు చెప్పేది ఇంకా గట్టిగున్నది.

మీరు పోయే అడవి ఖాళీ జాగ కాదు. మన్ననూరు దాటినంక శ్రీశైలం రోడ్డుకు రెండు పక్కలా ఉన్నది చెంచుల నేల. వాళ్ల ఊర్లను పెంటలంటరు. పట్నపోళ్లు ఆ మాట విని ముక్కు మూసుకొని నవ్వుతరు. మీరట్ల నవ్వొద్దు. అప్పాపూర్ పెంట, ఫర్హాబాద్ పెంట, అవి తరతరాల ఊర్లు. మీ జీపు తీసుకపోయే ఫర్హాబాద్ ఒకప్పుడు నిజాం వేట విడిది. దొరలు గాలి మార్పుకు పొయ్యేటోళ్లు. 1940లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు అమ్రాబాద్ పైభూమిలో చెంచుల నడుమ ఉండి, వాళ్ల మీద 1943లో పుస్తకం అచ్చేసిండు. వాళ్ల అడవి వాళ్లకు విడిచిపెట్టాలని నిజాం సర్కారుకు చెప్పింది కూడా ఆయనే. ఆ కాలంలో చెంచుల పేరు మీద రిజర్వు అన్నరు. 1983 వచ్చేసరికి అదే అడవి పులుల పేరు మీద రిజర్వు అయింది, నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వు. రాష్ట్రం విడిపోయినంక తెలంగాణ వాటా అమ్రాబాద్ టైగర్ రిజర్వు, 2,611 చదరపు కిలోమీటర్లు. పేరు మారిన ప్రతిసారీ చెంచులను ఎవరైనా అడిగినరా?

పులి వద్దని మేమనడం లేదు. పులి ఉంటెనే అడవి, అడవి ఉంటెనే వాగు, వాగు ఉంటెనే కింద మన పొలాలకు తడి. ఇది బడిలో మేమే చెప్పే పాఠం. మా తగాదా పులితోని కాదు. వేల ఏండ్లు పులి పక్కన బతికినోన్ని అడవికి శత్రువని రాసి, నిన్నగాక మొన్న కారులొచ్చి హారన్ కొట్టెటోన్ని ప్రకృతి ప్రేమికుడని రాసే కాగితంతోని. చెంచు అన్న గడ్డలు తవ్వితే జంగ్లాతోళ్ల కేసు. అదే అడవిలో యురేనియం వెతకడానికి 83 చదరపు కిలోమీటర్లు తవ్వి చూద్దామని 2019లో ఢిల్లీలో కమిటీ సరేనన్నది. అమ్రాబాద్, మన్ననూరు జనం రోడ్డెక్కి కొట్లాడితేనే ఆ ఏడాది సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ వద్దని తీర్మానం చేసింది. చెంచులు, లంబాడోళ్లు, మనోళ్లు, బీసీలు అందరూ కలిసి నిలబడ్డ కొట్లాట అది. మీ బస్సు పోయేది ఆ కొట్లాట నిలబెట్టిన అడవిలకే, ఈ సంగతి యాదుంచుకోండి.

ఇప్పుడు విడుదుల సంగతి. 2021 నుంచి అటవీశాఖ మన్ననూరులో పులుల పేరు మీదనే విడిది ప్యాకేజీ నడుపుతున్నది. గదులు, మట్టి ఇండ్లు, చెట్టు మీద ఇల్లు, జీపు సఫారీ, నడక. చెంచు పిల్లలను దారి చూపే గైడులుగా పెట్టుకున్నరు. అది మంచిపనే, మేము కాదనం. ఆంధ్ర పక్కన ఆత్మకూరు దిక్కు బైర్లూటిలో విడిది ఉన్నది. మారేడుమిల్లిలో స్థానిక గిరిజనుల వన సంరక్షణ సమితులతోని నడిపించే పద్ధతి పెట్టినరు. బొంగులో కోడి వండే విద్య అక్కడి కొండోళ్లది. ఇవ్వాళ హైదరాబాదు హోటళ్లల్ల దాని ధర చూస్తే కండ్లు తిరుగుతయి, కనిపెట్టినోళ్లకు పావలా రాదు.

మేము అడిగేది ఒక్కటే ప్రశ్న. గదికి కట్టిన వెయ్యి రూపాయలల్ల పెంటకు ఎన్ని పోయినయి? దారి చూపే పిల్లగానికి నెల జీతమా, రోజు కూలా, బక్షీసా? గది ఊడ్చేది, పాయిఖానా కడిగేది, ప్లేట్లు తోమేది ఎవరు, వాళ్లకు ఎంత? బల్ల ముందర కూసొని పేర్లు రాసుకునే కొలువు వాళ్ల పిల్లకు ఎందుకు రాలేదు? మన ఊర్లల్ల చీపురు ఎవరి చేతిల పెట్టినరో మనకు ఎరికే. రోడ్డు పొంటి యాత్రికులు పారేసిన ప్లాస్టిక్ సీసాలు ఏరేది ఇవ్వాళ అడవిలోపలి మనుషులే. కులం లేని జాతికి కూడా చీపురు కులాన్ని నేర్పుతున్నది ఈ టూరిజం. ఈ ప్రశ్న అడగకుండ వచ్చినోడు ఎంత చదివినా వాని టూరు దొరవారి దౌరానే.

ఇంకోటి. ఫోటోలు. చెంచులు అనంగనే మనోళ్లకు 1958 నాటి చెంచులక్ష్మి సినిమా యాదికొస్తది, నెత్తిమీద ఈక, చేతిల విల్లు. నరసింహస్వామికి పిల్లనిచ్చిన జాతి అని పాటలు పాడుతరు, ఆ అల్లుడు ఎకరం పట్టా ఇప్పించింది లేదు. అక్కడ పోయి విల్లు పట్టుకో అన్నా, ఒక ఫోటో అని పది రూపాయలు ఇయ్యడం మన పని కాదు. అండమాన్‌లో జారవాలను రోడ్డు మీద ఆపి, తిండి చూపెట్టి ఆడించిన వీడియో 2012లో బయటపడితే ప్రపంచమంతా ఛీకొట్టింది. మన ఇండ్లల్ల జోగిని ఆట చూడనీకి దొరలు వచ్చేటోళ్లు. ఆ చూపు ఎట్లుంటదో మన ఆడబిడ్డలకు తెలుసు. ఆ చూపు మనం ఇంకొకరి మీద వెయ్యొద్దు.

సలేశ్వరం జాతరకు పోయినోళ్లు ఇక్కడ శానామంది ఉన్నరు. చైత్ర పున్నానికి లింగమయ్యను పిలుచుకుంట లోయల దిగుతరు. ఆ జాతరలో పూజారి చెంచాయనే. బాపనాయన లేని గుడి, అందరూ ఒక్క గుండంల మునుగుతరు, నీ కులమేందని అడిగెటోడు లేడు. అది కూడా గుంపుగా అడవికి పొయ్యే యాత్రే. మనకు తెలిసిన యాత్ర. అక్కడ జంగ్లాతోళ్లు ఏడాదికి రెండు మూడు రోజులే వదులుతరు, గేటు కట్టి వాపస్ పంపుతరు. పైసలు కట్టి జీపెక్కితే మాత్రం ఆ రోజుల లెక్క లేదు. ఈ తేడాను మీరే అర్థం చేసుకోండి.

పిల్లలూ, జాగ్రత్త విషయం కూడా మాట్లాడాలె. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. పాపికొండలు చూడబోయిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు కాడ గోదారిలో మునిగింది. నది వరద మీదుంది. అయినా బోటు కదిలింది. 77 మంది ఎక్కితే 26 మందే బతికి బయటపడ్డరు. వరంగల్ దగ్గరి కడిపికొండ నుంచి ఒక్క ఊరోళ్లే 14 మంది గుంపుగా పోయినరు, తొమ్మిది మంది రాలేదు. మీ లెక్కనే పైసా పైసా జమ చేసుకొని పోయినోళ్లు. బతికినోళ్లను ఒడ్డుకు లాగింది ఎవరు? పెద్ద పడవలోళ్లు కారు, సర్కారోళ్లు కారు. ఒడ్డునున్న గిరిజనులు. తమ చిన్న పడవలేసుకొని సుడిలకు పోయి, నీళ్లల్ల కొట్టుకపోతున్నోళ్లను ఎక్కిచ్చుకొచ్చినరు. నెల దాటినంక అక్టోబరులో ధర్మాడి సత్యం బృందం మునిగిన బోటును ఒడ్డుకు లాగింది, అది కూడా తాడు, లంగరు పట్టుకున్న కూలిమనుషుల తెలివి. మారుమూల పోయినప్పుడు నీ ప్రాణం ఆ మారుమూల మనిషి చేతిల ఉంటదని మర్చిపోవద్దు.

కాబట్టి వానకాలంల పోవద్దు. జూలై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ ఎట్లాగూ బందే. రాత్రి తొమ్మిదింటికి శ్రీశైలం రోడ్డు గేటు మూస్తరు, పొద్దున ఆరింటిదాకా తియ్యరు, డ్రైవరుకు ముందే చెప్పుకోండి. సీసాలు, సంచులు పట్టుకపోవద్దు, బిందెలు పట్టుకపోండి, మన మోండాల బిందెలకేం కరువు? మందు సీసా మాట మేము చెప్పాల్నా? బస్సుల పెట్టి చదువుకునే ఆడపిల్లలను కూడా తీసుకపోండి. నలభైలో ఒక్క ఆడమనిషి పేరు లేదు మీ జాబితాల. మహద్ చెరువుకు 1927లో మన ఆడోళ్లు కూడా నడిచినరు. జీపు కోసం గొడవ పడకండి. పులి కనపడదు, ముందే చెప్తున్నం. కనపడేది జింకలు, నెమళ్లు, ముసుర్లాడే కోతులు. ఒక పూట పెంటకు పోయి కూసోండి, పెద్దమనిషిని అడిగి, రమ్మంటేనే. బియ్యం సంచి మోసుకపోయి దానం చేసి ఫోటో దిగే పని మాత్రం చెయ్యకండి. వాళ్ల కాగితాలు చూడండి, మన కాగితాలు చూపెట్టండి.

కాగితాలన్నం కదా, ఊర్లనుంచి వచ్చినోళ్లు ఇది జాగ్రత్తగా వినాలె. విడిది వచ్చినకాడ కొద్ది దినాలకు ఊరిని లేపే మాట కూడా వస్తున్నది. కవ్వాల్ టైగర్ రిజర్వులో మైసంపేట, రాంపూర్ అనే గోండు ఊర్లను 2024లో కింద మద్దిపడగ దిక్కు తరలించినరు. అమ్రాబాద్‌లో సార్లపల్లి, కుడిచింతలబైలు లాంటి ఊర్ల పేర్లు వినపడుతున్నయి. ఆసిఫాబాదులో పులుల కారిడార్ అని 2025 మే నెలలో జీవో 49 తెచ్చినరు, ఆదివాసులు గట్టిగ కొట్లాడితే జూలైలో ఆపి పెట్టినరు. ఇంటికి పదిహేను లక్షలు అంటరు, 2021కి ముందు పదే ఉండె. పదిహేను లక్షలు చూడగానే కొందరు సంతకం పెడుతరు, తప్పు పట్టేది లేదు, బడి లేక, దవాఖాన లేక, రోడ్డు లేక అలిసిపోయినోళ్లు వాళ్లు. కాని చట్టం ఏమంటున్నది? 2006లో సవరించిన వన్యప్రాణి చట్టం ప్రకారం ముందు ఆ ఊరి హక్కులు తేల్చి రాయాలె. మనుషులు, జంతువులు కలిసి ఉండే దారి లేదని నిర్ధారణ చెయ్యాలె. గ్రామసభ అన్నీ తెలుసుకొని ఒప్పుకోవాలె. కొత్త జాగలో ఇండ్లు, భూమి తయారయినంకనే కదిలియ్యాలె. ఈ వరుస తప్పితే అది స్వచ్ఛందం కాదు.

సర్కారు పద్ధతి ఇదొక్కటే అనుకోవద్దు. దక్షిణాఫ్రికాలో మకులేకే అనే నల్లజాతి ఊరిని 1969లో తెల్ల ప్రభుత్వం తుపాకి చూపెట్టి లేపి, ఆ జాగను క్రూగర్ పార్కులో కలిపింది. జాతి వివక్ష పాలన పోయినంక వాళ్లు దావా వేసి 1998లో భూమి వాపస్ తెచ్చుకున్నరు. తెచ్చుకొని ఏం చేసినరు? జంతువులను వెళ్లగొట్టలే. భూమి మా పేరు మీద, విడిది మా ఒప్పందం మీద అన్నరు. లాడ్జిలోళ్లు వాళ్లకు కిరాయి కడుతరు, కొలువులు వాళ్ల పిల్లలకిస్తరు. ఇవ్వాళ మన్ననూరు విడిది అప్పాపూర్ గ్రామసభకు కిరాయి కడుతుందా? కట్టమని అడగాలె. చెంచులే అడగాలె, మనం పక్కన నిలబడాలె.

ఇగ మనది. అచ్చంపేట, లింగాల, కొల్లాపూర్, అటు పక్క ఆత్మకూరు, మార్కాపురం దిక్కు అడవి అంచు ఊర్లల్ల మాల, మాదిగ ఇండ్లు ఎన్నో ఉన్నయి. కట్టెలు, ఆకు, గడ్డి, తాతల నాడు కొట్టుకున్న చెలక. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చినప్పుడు ఇది గిరిజనులకే, మీకు రాదని మనోళ్లను వెనక్కి పంపినరు. చట్టంల అట్ల లేదు. ఇతర సంప్రదాయ అటవీ వాసులు అనే మాట ఉన్నది, అండ్ల మనం వస్తం. షరతు కఠినమే, 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏండ్లు అక్కడ బతికినట్టు చూపాలె. గిరిజనులకు ఈ షరతు లేదు, ఉండొద్దు కూడా. మనకు పెట్టిన ఈ 75 ఏండ్ల గోడ మీదనే మన అర్జీలు ఎక్కడికక్కడ పడిపోతున్నయి. 1930లో వెట్టోని పేరు ఏ దఫ్తరుల రాసినరు చూపెట్టనీకి?

కాని ఒక కిటికీ ఉన్నది. 75 ఏండ్లు ఆ చెలకనే దున్నినట్టు చూపాల్సిన పని లేదు, ఆ ప్రాంతంల నివాసం ఉంటే చాలని కేంద్ర గిరిజన మంత్రిత్వశాఖే చెప్పింది. రుజువు అంటే పట్టాకాగితమే కానక్కర్లేదు. పాత బావి, బొందలగడ్డ, దేవుని గద్దె, వంశవృక్షం, ఇవి పనికొస్తయి. అర్జీ పెట్టుకున్నోడు కాకుండ ఊర్లో వేరే పెద్దమనిషి చెప్పిన మాటను రాసి పెట్టినా అది సాక్ష్యమే. రెండు రుజువులుంటే గ్రామసభ తీసుకోవాలె. జంగ్లాతోడు ఒక్కడే నిలబడి చెల్లదంటే చెల్లకుండ పోదు. చెల్లదన్నది కాగితం మీద రాసియ్యమనండి, అప్పీలుకు దారి దొరుకుతది.

మన వాడలల్ల ఎనభై దాటిన ముసలోళ్లు ఎంతమంది మిగిలినరు? వాళ్లు పోతే వాళ్లతోని సాక్ష్యం పోతది. బస్సు ఈ నెల పోతదా వచ్చే నెల పోతదా అన్నది పిల్లలు తేల్చుకోని. ఆ దిక్కు ఊర్లోళ్లు మాత్రం ఇవ్వాళ పోంగనే ముసలోళ్ల దగ్గర కూసొని, ఏ ఏటి కరువుల ఏ గట్టు మీద గుడిసె ఉండె, ఏ దొర దౌరాకు ఎవరు మూట మోసినరు, ఏ బావి ఎవరు తవ్వినరు అడిగి రాసుకోండి. ఆ వెట్టి మూట కథే ఇవ్వాళ మన నివాసానికి రుజువు అయితది. రాయరాకపోతే మా పంతుళ్లం ముగ్గురం ఆదివారాలు వస్తం, చార్జీలు మావే. ఏ ఊరికి ముందు రావాల్నో సభ అయినంక ఇక్కడ మెట్ల కాడ పేరు చెప్పిపోండి.

జై భీమ్.